రేసింగ్‌ను జనంలోకి తీసుకెళ్లాలంటే ఏది మేలు: రాక్‌స్టారా, డ్రైవరా?

2024లో నాగచైతన్య హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ అనే కార్ రేసింగ్ జట్టును కొన్నప్పటి నుంచి తెలిసినవాళ్లు నన్ను ఒకటే అడుగుతున్నారు. సినిమా హీరో వస్తే మన దగ్గర కార్ రేసింగ్ నిలబడుతుందా, లేక దానికి ఇంకేదైనా మంచి దారి ఉందా అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతుంటే సగమే చెప్పగలుగుతున్నాను. అందుకే మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

జవాబు కోసం నేను ముందుగా చూసేది అమెరికాలోని ఇండియానాపొలిస్ వైపే. గత ఇరవై ఏళ్లలో అక్కడి ఓపెన్ వీల్ రేసింగ్ (చక్రాలు బయటికి కనిపించే, ఒక్కరే కూర్చునే కార్ల రేసింగ్) వాళ్లు జనాన్ని రప్పించడానికి దాదాపు అన్ని దారులూ ప్రయత్నించారు. అందులో అందరికీ గుర్తుండిపోయింది 2006లో చేసిన పని. ఆ ఏడాది ఇండీ రేసింగ్ లీగ్ తన మార్కెటింగ్ బాధ్యతను కిస్ అనే రాక్ బ్యాండ్‌కు చెందిన జీన్ సిమన్స్ కంపెనీకి అప్పగించింది. ముఖానికి నలుపు తెలుపు రంగులు, బారెడు నాలుక, స్టేజీ మీద నోట్లోంచి నిప్పు, రక్తం. ఆ సిమన్సే.

విన్న వెంటనే వింతగా అనిపిస్తుంది కానీ, ఆ నిర్ణయం వెనక ఉన్న ఆలోచన తేలిగ్గా తీసిపారేసేది కాదు. 1996లో అమెరికా ఓపెన్ వీల్ రేసింగ్ రెండు ముక్కలైంది. ఇండియానాపొలిస్ ట్రాక్ అప్పట్లో టోనీ జార్జ్ చేతిలో ఉండేది, ఆయన సొంతంగా ఇండీ రేసింగ్ లీగ్ మొదలుపెట్టాడు. పేరున్న జట్లూ డ్రైవర్లూ చాలామంది పాత సంస్థ కార్ట్‌లోనే ఉండిపోయారు. ఆ ఏడాది మే 26న ఇండీ 500 (ఇండియానాపొలిస్‌లో ఏటా జరిగే 500 మైళ్ల రేసు) జరుగుతుంటే, అదే రోజు మిషిగన్‌లో కార్ట్ పోటీగా ఇంకో 500 మైళ్ల రేసు పెట్టింది. అభిమాని ఏది చూడాలి? చాలామంది రెండూ వదిలేసి, మామూలు కార్లలా కనిపించే కార్లతో జరిగే నాస్కార్ రేసుల వైపు వెళ్లారు. ఇది జరిగిన పదేళ్లకు సిమన్స్ వచ్చాడు. అంటే ఆయన చేతికి వచ్చినది ఇల్లు చీలిపోయి, చుట్టాలు రావడం మానేసిన కుటుంబం లాంటి ఆట.

సిమన్స్‌కు అమ్మడం తెలుసు. ఇజ్రాయెల్‌లో పుట్టి ఎనిమిదేళ్ల వయసులో అమ్మతో న్యూయార్క్ చేరినవాడు. 1973లో మొదలైన బ్యాండ్ పేరు మీద బొమ్మలు, లంచ్ బాక్సులు, కామిక్ పుస్తకాలు, చివరికి శవపేటిక కూడా అమ్మారు. అంతకన్నా ముఖ్యం, ముఖం కనిపించని మనిషిని ఎలా హీరోని చేయాలో ఆయనకు అనుభవం మీద తెలుసు. కిస్ సభ్యుల అసలు ముఖాలు ఏళ్ల తరబడి జనం చూడనే లేదు. అయినా నలుగురిలో ఎవరు ఎవరో చిన్నపిల్లలు కూడా చెప్పేవారు. రేస్ డ్రైవర్ కష్టమూ అదే కదా. హెల్మెట్ లోపల మనిషి, గంటకు 350 కిలోమీటర్ల వేగం, కనిపించేది కారు రంగూ నంబరూ మాత్రమే. క్రికెట్‌లో బ్యాటర్ ముఖంలో టెన్షన్ మనకు కనిపిస్తుంది. రేసింగ్‌లో కనిపించదు. ఆ లోటు పూడ్చడానికి సిమన్స్ కన్నా తగినవాడు దొరకడు అనుకోవడంలో తప్పు లేదు.

కానీ చేసింది వేరు. వచ్చింది ఒక పాట, ఒక నినాదం: 'ఐ యామ్ ఇండీ'. నేనే ఇండీని అని. నాకు అసలు లోపం ఈ మూడు మాటల్లోనే కనిపిస్తుంది. ఆ నేను ఎవరు? డ్రైవరా, అభిమానా, పాట పాడేవాడా? అందరూ అనుకుంటే ఎవరూ కాదు. టీవీలో ఆ నినాదం విన్న మనిషికి సిమన్స్ గుర్తుంటాడు. వచ్చే ఆదివారం ఎవరి కోసం టీవీ పెట్టాలో మాత్రం తెలియదు. అదే 2006 ఇండీ 500ను సామ్ హోర్నిష్ జూనియర్ ఎలా గెలిచాడో చూడండి. చివరి గీత దగ్గర 19 ఏళ్ల మార్కో ఆండ్రెట్టిని దాటాడు, తేడా 0.0635 సెకన్లు. మార్కో తండ్రి మైకేల్ మూడో స్థానంలో వచ్చాడు. తాత మారియో 1969లో గెలిచాక ఆ కుటుంబానికి ఇండీ 500 మళ్లీ దక్కలేదు. మూడు తరాల కథ, కన్నుమూసి తెరిచేలోగా చేజారిన గెలుపు. అమ్మడానికి ఇంతకన్నా ఏం కావాలి? పాట చేయాల్సిన పని ఆ ఒక్క మధ్యాహ్నం చేసింది.

నా దృష్టిలో నిర్ణయించే విషయం ఒక్కటే. మీరు పెట్టిన ఖర్చు వల్ల కొత్తగా వచ్చిన ప్రేక్షకుడికి కనీసం ఒక డ్రైవర్ పేరు తెలిసిందా లేదా? తెలిస్తే వాడు మళ్లీ వస్తాడు. తెలియకపోతే సెల్ఫీ తీసుకుని వెళ్లిపోతాడు. డబ్బు, టీవీ ఒప్పందం, టికెట్ ధర, ఇవన్నీ ఆ తర్వాతే.

ఇప్పుడు రెండో దారి చూద్దాం. సిమన్స్ రావడానికి ఒక్క ఏడాది ముందే ఇండీ వాళ్లకు అది తనంతట తానే దొరికింది. 2005 మేలో డానికా పాట్రిక్ అనే 23 ఏళ్ల అమ్మాయి మొదటిసారి ఇండీ 500లో పాల్గొంది. నాలుగో స్థానం నుంచి మొదలుపెట్టింది. ఇంధనం నింపుకోవడానికి ఆగే పిట్‌లో ఇంజిన్ ఆగిపోయింది. తర్వాత ఒక ప్రమాదంలో కారు ముక్కు దెబ్బతింది. అయినా కోలుకుని, రేసు చివర్లో అందరికన్నా ముందు నిలిచింది. ఇండీ 500లో ఒక మహిళ ముందు నిలవడం అదే మొదటిసారి. మొత్తం 19 ల్యాప్‌లు ముందుంది. ఇంధనం అయిపోవస్తుండగా, ఆఖరి కొన్ని ల్యాప్‌లలో డాన్ వెల్డన్ ఆమెను దాటాడు. ఆమె నాలుగో స్థానంలో ముగించింది. ఆ వారం స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ ముఖచిత్రం మీద గెలిచినవాడు లేడు, డానికా ఉంది. వెల్డన్ తర్వాత, ఆ రేసు నిజంగా గెలిచింది తానేనని రాసిన టీషర్ట్ వేసుకుని తిరిగాడు.

ఎవరూ పాట రాయలేదు, నినాదం పెట్టలేదు. రేసింగ్ అంటే తెలియని ఇళ్లలో కూడా ఆమె పేరు తెలిసింది. 2008 ఏప్రిల్‌లో జపాన్‌లోని మోటెగిలో ఆమె గెలిచి, ఇండీకార్ (ఈ లీగ్ సిరీస్ పేరు) రేసు గెలిచిన మొదటి మహిళ అయ్యింది. అప్పుడు ఆ వార్త కోసం మూడేళ్లుగా ఎదురుచూస్తున్నవాళ్లు ఉన్నారు. డ్రైవర్ పేరు మీద కట్టిన ఆదరణకు ఉన్న బలం ఇదే. ప్రతి రేసూ ముందు జరిగిన దానికి కొనసాగింపు అవుతుంది.

దీనికి నష్టాలు లేవని నేను చెప్పను. డానికా నాస్కార్‌కు వెళ్లిపోయింది, ఆమెతో పాటు కొంతమంది ప్రేక్షకులూ వెళ్లారు. మనిషి మీద కడితే మనిషి వెళ్లిపోయినప్పుడు ఖాళీ మిగులుతుంది.

అంతకన్నా బరువైన విషయం ఇంకొకటి ఉంది. అది రాయకుండా ఈ పోలిక పూర్తి కాదు. 2011లో డాన్ వెల్డన్ రెండోసారి ఇండీ 500 గెలిచాడు, కానీ ఆ ఏడాది అతనికి పూర్తి సీజన్‌కు కారు దొరకలేదు. సీజన్ చివరి రేసు లాస్ వేగాస్‌లో. దానికి జనాన్ని రప్పించడానికి నిర్వాహకులు 50 లక్షల డాలర్ల బహుమతి ప్రకటించారు. మామూలుగా సిరీస్‌లో లేని డ్రైవర్ గెలిస్తే ఆ సొమ్ములో సగం అతనికి, సగం ఒక అభిమానికి. ఆ సవాలు తీసుకున్నది వెల్డన్. 34 కార్లలో అందరికన్నా వెనక నుంచి మొదలుపెట్టాడు. పదకొండో ల్యాప్‌లో 15 కార్లు ఒకదానికొకటి గుద్దుకున్నాయి. వెల్డన్ చనిపోయాడు. 33 ఏళ్లు, ఇద్దరు చిన్న కొడుకులు. ప్రమాదానికి బహుమతే కారణమని నేను అనను. వేగంగా, గుంపుగా వెళ్లే ఓవల్ (గుడ్డు ఆకారపు ట్రాక్) మీద అన్ని కార్లు ఉండటం పెద్ద కారణం. కానీ డ్రైవర్ కథను అమ్మడం వేరు, అమ్మడం కోసం డ్రైవర్‌ను ప్రమాదంలోకి నెట్టే ఏర్పాటు చేయడం వేరు. నేను డ్రైవర్ వైపు మొగ్గుతున్నానని చెప్పినప్పుడల్లా ఈ గీత ఎక్కడుందో కూడా చెప్పాలనిపిస్తుంది.

మిగతా దారులు క్లుప్తంగా చెబుతాను.

డ్రైవర్‌ను టీవీ షోకి పంపడం ఒకటి. 2007లో ఎలియో కాస్ట్రోనెవెస్ అమెరికాలో పెద్ద డ్యాన్స్ పోటీ గెలిచాడు. గెలిచినప్పుడల్లా కంచె ఎక్కే అలవాటు ఉన్న మనిషి, నవ్వు ముఖం. అది బాగా పనిచేసింది, ఎందుకంటే హెల్మెట్ తీశాక లోపల ఎవరున్నారో జనం చూశారు. అందరు డ్రైవర్లకూ అది చేతకాదు.

కచేరీలు పెట్టడం ఇంకొకటి. దీని మీద నాకు నమ్మకం లేదు. 2011 అక్టోబర్‌లో గ్రేటర్ నోయిడాలో మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రి జరిగినప్పుడు దానికి తోడుగా మెటాలికా కచేరీ ఏర్పాటు చేశారు. గుర్‌గావ్‌లో ఆ కచేరీ రద్దయింది, కోపంతో జనం స్టేజీ ధ్వంసం చేశారు. రెండు రోజుల తర్వాత మెటాలికా బెంగళూరులో వాయించింది. అదే రోజు నోయిడాలో రేసు. పాట కోసం వచ్చినవాళ్లూ రేసు కోసం వచ్చినవాళ్లూ వేరువేరు మనుషులని ఆ ఒక్కరోజే చెప్పేసింది. ఇండియన్ గ్రాండ్ ప్రి మూడేళ్లలో ఆగిపోయింది. దానికి పన్నుల గొడవ పెద్ద కారణం, పాటలు కాదు.

డాక్యుమెంటరీ సిరీస్ గట్టి పోటీదారు. 2019 నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో వస్తున్న 'డ్రైవ్ టు సర్వైవ్' వల్ల అమెరికాలో ఫార్ములా వన్‌కు కొత్త ప్రేక్షకులు వచ్చారు. 2012 నుంచి ఆస్టిన్‌లో ఒక్కటే రేసు ఉండేది, 2022లో మయామి, 2023లో లాస్ వేగాస్ చేరాయి. మొదటి సీజన్‌లో మెర్సిడెస్, ఫెరారీ జట్లు పాల్గొనలేదు. దాంతో కెమెరా వెనకబడిన జట్ల వైపు తిరిగింది, హాస్ జట్టు మేనేజర్ గుంటర్ స్టైనర్ ఇంటింటికీ తెలిసిపోయాడు. లేని గొడవలు ఉన్నట్టు ఎడిట్ చేస్తారని డ్రైవర్లే ఫిర్యాదు చేశారు, అది నిజమే. కానీ లోతుగా చూస్తే ఇది కూడా డ్రైవర్ దారే, కాకపోతే ఎక్కువ డబ్బుతో.

ఇక మన ప్రశ్నకు దగ్గరగా ఉన్నది, పేరున్నవాళ్లు జట్టు యజమానులు కావడం. ఇందులో రెండు రకాలున్నాయి, రెండింటినీ కలిపి చూడకూడదు. నటుడు పాల్ న్యూమన్ 1983 నుంచి న్యూమన్ హాస్ జట్టు భాగస్వామిగా ఉండేవాడు. అంతకుముందే 1979లో లెమాన్ 24 గంటల రేసులో ఆయన కారు రెండో స్థానంలో వచ్చింది. ఆయన పిట్‌లో నిలబడితే మెకానిక్‌లు గౌరవించేవారు, ఎందుకంటే ఆ చెమట ఆయనకు తెలుసు. మన సికింద్రాబాద్‌లో పుట్టిన అజిత్ కుమార్ కూడా ఆ కోవకే వస్తాడు. 2010లో ఫార్ములా టూలో నడిపాడు, 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసులో ఆయన జట్టు తన క్లాసులో మూడో స్థానం సాధించింది. డానికా 2005లో నడిపిన జట్టులో టీవీ వ్యాఖ్యాత డేవిడ్ లెటర్‌మన్ భాగస్వామి. ఆయన ఇండియానాపొలిస్‌లోనే పుట్టి పెరిగినవాడు. వీళ్లెవరూ అద్దెకు వచ్చినవాళ్లు కాదు. సిమన్స్‌కూ వీళ్లకూ ఉన్న తేడా అదే.

2025లో ఇండీకార్ ప్రసార హక్కులు ఫాక్స్‌కు వెళ్లాయి. ఫాక్స్ ఏం చేసిందంటే, సూపర్ బౌల్ ప్రసారంలో జోసెఫ్ న్యూగార్డెన్, అలెక్స్ పలో, పాటో ఓవార్డ్ అనే ముగ్గురు డ్రైవర్ల మీద మూడు ప్రకటనలు వేసింది. ఒక్కో ప్రకటనలో ఒక్క మనిషి, అతని పేరు, అతని తీరు. ఆ మేలో ఇండీ 500ను సగటున 70 లక్షల మందికి పైగా చూశారు. 2008 తర్వాత అంతమంది చూడటం అదే మొదలు. గెలిచింది పలో. ముందటి ఏడాది వాన వల్ల రేసు గంటల తరబడి ఆలస్యమైంది కాబట్టి ఆ రెండేళ్లనూ పోల్చి పెరుగుదల లెక్క వేయడం సరికాదు. అయినా సిమన్స్ పాటకు అందనిది ఆ ముగ్గురి పేర్లకు అందిందని నేను నమ్ముతున్నాను.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు నేను స్టాండ్‌లో ఉన్నాను. సినిమావాళ్లు, క్రికెటర్లు వచ్చారు. వాళ్లు కనిపించినప్పుడల్లా స్టాండ్ మొత్తం లేచి నిలబడేది. రేసు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నా పక్కన కూర్చున్న స్కూల్ పిల్లవాడు వాళ్ల నాన్నను, "మనవాళ్లు ఎవరు నాన్నా?" అని రెండు మూడుసార్లు అడిగాడు. గ్రిడ్‌లో 22 కార్లు, భారతీయ డ్రైవర్ ఒక్కరూ లేరు. ఆయన కాసేపు ఆలోచించి, మహీంద్రా కారు చూపించాడు. తర్వాతి ఏడాది ఆ రేసు రద్దయింది.

బ్లాక్‌బర్డ్స్ సంగతి వేరు. 2022లో ఆ జట్టు కారు నడిపినవాళ్లలో అనిందిత్ రెడ్డి ఉన్నాడు. హైదరాబాద్ కుర్రాడు. నన్ను నాగచైతన్య గురించి అడిగినవాళ్లను నేను తిరిగి అనిందిత్ గురించి అడిగాను. ఆ పేరు విన్నవాళ్లు ఇద్దరే ఉన్నారు. నాగచైతన్యకు కార్లంటే నిజమైన ఇష్టం ఉందని అందరికీ తెలుసు, కాబట్టి ఆయన రావడం నాకు సంతోషమే. ఆయన ముందు కెమెరా పెట్టిన ప్రతిసారీ పక్కన తన డ్రైవర్‌ను నిలబెట్టి, పేరు చెప్పి, మైకు అతని చేతికి ఇవ్వాలని కోరుకుంటున్నాను.