ఎంజీబీ ఫ్యాక్టరీ మాన్యువల్: వాడి చూశాక ఏది కొనమంటానంటే

నేనుండేది ఇంగ్లండ్‌లో. నా దగ్గర 1971 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ ఉంది, అంటే ఎంజీ కంపెనీ చేసిన, పైకప్పు తీసేయగల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. దాని పనులు చాలావరకు నేనే చేసుకుంటాను. నలభై ఏళ్లు దాటిన కార్లకు ఇక్కడ మామూలుగా రోడ్డు ట్యాక్స్ లేదు, ఏటేటా ఎంఓటీ పరీక్ష (కారు రోడ్డుకు పనికొస్తుందా అని చూసేది) కూడా తప్పనిసరి కాదు. అంటే బ్రేకులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకునే పూచీ మనదే. అందుకే మాన్యువల్, అంటే రిపేరు పుస్తకం విషయంలో నేను పిసినారితనం చూపించను. ఇన్నేళ్లలో పుస్తకాలు, సీడీ, పీడీఎఫ్‌లు అన్నీ వాడాను. "కంప్లీట్" అని అట్ట మీద రాసినంత మాత్రాన ఏదీ కంప్లీట్ కాదు.

ఎందుకంటే ఎంజీబీ 1962 నుంచి 1980 దాకా తయారైంది. బయటి నుంచి చూస్తే పెద్ద తేడా కనిపించదు గానీ లోపల మార్చుకుంటూనే పోయారు. 1964 చివర్లో క్రాంక్‌షాఫ్ట్‌కు మూడు మెయిన్ బేరింగుల స్థానంలో ఐదు వచ్చాయి. 1967లో మార్క్ 2తో డైనమో పోయి ఆల్టర్నేటర్, పాజిటివ్ ఎర్త్ పోయి నెగెటివ్ ఎర్త్ (కారు బాడీకి కలిపే బ్యాటరీ కొస మారింది), ఫస్ట్ గేరుకు కూడా సింక్రోమెష్ (గేరు గరగరలాడకుండా పడేలా చేసే ఏర్పాటు) వచ్చాయి. రబ్బరు బంపర్ల కాలానికి సీటు వెనక ఉండే రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు పోయి ఒకటే పన్నెండు వోల్టులది వచ్చింది. కాబట్టి మాన్యువల్‌కు డబ్బు కట్టే ముందు కారు ఛాసిస్ నంబరు చూడండి. రోడ్‌స్టర్ అయితే జీహెచ్ఎన్3, 4, 5 అని, పైకప్పు మూసి ఉండే జీటీ అయితే జీహెచ్‌డీ అని మొదలవుతుంది. నాది జీహెచ్ఎన్5. కారు పుట్టుపూర్వోత్తరాల మీద అనుమానం ఉంటే గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం వాళ్లు ఫ్యాక్టరీ రికార్డులు చూసి హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తారు.

నేను మొదట వాడింది సీడీ, ఒక చిన్న అమ్మకందారు దగ్గర కొన్నది. చవక. ఇంజన్ పేజీలు బాగానే ఉన్నాయి, ఎలక్ట్రికల్ దగ్గరకు వచ్చేసరికి ఆ పనితనం తేలిపోయింది. వైరింగ్ బొమ్మను మడత మీదే స్కాన్ చేశారు, మధ్యలో ఒక పట్టీ మొత్తం నలుపు. ఈ కార్లలో ఎలక్ట్రికల్ సామాను లూకాస్ కంపెనీది, లూకాస్ వైరింగ్‌లో రంగే ప్రాణం. బ్రౌన్ అంటే బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉండే తీగ, తెలుపు ఇగ్నిషన్, ఆకుపచ్చ ఫ్యూజు దాటి వచ్చిన ఇగ్నిషన్, నలుపు ఎర్త్. బొమ్మలో బ్రౌన్‌కు ఎన్, నీలానికి యు అని అక్షరాలుంటాయి. నా సీడీలో ఆ రెండూ ఒకేలా మచ్చల్లా కనిపించాయి. అది పట్టుకుని ఫ్యూజు బాక్సులో చెయ్యి పెట్టాలంటే టెన్షనే.

తర్వాత కొన్నది ఏకేడీ 3259 నంబరున్న అసలు వర్క్‌షాప్ మాన్యువల్ రీప్రింట్, బ్రూక్‌లాండ్స్ బుక్స్ వేసింది. ఇప్పటికీ నా బెంచీ మీద ఉండేది ఇదే. ఇది డీలర్ల దగ్గర పనిచేసే మెకానిక్కుల కోసం రాసింది, మనలాంటి ఆదివారం మెకానిక్కుల కోసం కాదు. "గేర్‌బాక్స్ దింపండి" అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోతుంది. ఆ గేర్‌బాక్స్ రావాలంటే ఇంజన్‌తో కలిపి పైకెత్తాలి, ఆ అవస్థ పడినవాడికే తెలుస్తుంది. పైగా 18జీ అని మొదలయ్యే స్పెషల్ టూల్స్ అడుగుతుంది. ఇంకో చిక్కు, తర్వాత వచ్చిన మార్పుల్ని పాత అధ్యాయాల్లో కలపకుండా విడిగా చేర్చారు. గేర్‌బాక్స్‌కు ఎఫ్ అధ్యాయం ఉంటే, అన్ని గేర్లకూ సింక్రోమెష్ ఉన్నదానికి వేరే అధ్యాయం. మీ కారుది ఏదో ముందే గుర్తు పెట్టుకోవాలి.

అయినా దీన్నే ఎందుకు నమ్ముతానంటే, ముందు చక్రాల హబ్ సంగతి చెప్తాను. చాలా కార్లలో బేరింగ్ నట్టు బిగించి, కాస్త వదులు చేసి, పిన్ను పెట్టేస్తాం. ఎంజీబీలో అలా కుదరదు. రెండు టేపర్ బేరింగుల మధ్య ఒక స్పేసర్, దాని పక్కన షిమ్ములు (పలచని రింగులు) ఉంటాయి. నట్టును 40 నుంచి 70 పౌండ్-అడుగుల దాకా గట్టిగానే బిగించాలి. బిగించాక కూడా హబ్‌కు 0.002 నుంచి 0.004 అంగుళాల ఆట మిగలాలి. ఆట ఎక్కువైతే షిమ్ము తీయాలి, తక్కువైతే వెయ్యాలి, డయల్ గేజ్ పెట్టి మళ్లీ చూడాలి. విసుగు పుట్టే పనే. కానీ ఆ స్పేసర్ వల్లే స్టబ్ యాక్సిల్‌కు, అంటే చక్రం తిరిగే ఇరుసుకు బలం. దాన్ని "అనవసరం" అని తీసి పారేసినవాళ్లున్నారు, అలాంటి కారులో నేనైతే ఎక్కను.

ఈ కారులోని ఎస్‌యూ బ్రాండు కార్బ్యురేటర్ల భాగం చదువుతుంటే ముచ్చటేస్తుంది. పిస్టన్‌ను అంగుళంలో ముప్ఫై రెండో వంతు పైకి లేపమంటుంది. ఇంజన్ వేగం పెరిగితే మిక్స్చర్ రిచ్ (పెట్రోలు ఎక్కువ), వెంటనే పడిపోతే వీక్ (పెట్రోలు తక్కువ), ఒక్క క్షణం కాస్త పెరిగి సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. మీటరు అక్కర్లేదు, చెవి ఉంటే చాలు. ఈ ఇంజన్ మనవాళ్లకు కొత్తది కూడా కాదు. మన పాత అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజన్, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజన్ రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ల బి-సిరీస్ సంతానమే. తెనాలిలో ఒకప్పుడు అంబాసిడర్లు బాగుచేసిన మా బాబాయికి వీడియో కాల్‌లో వాల్వులను నొక్కే రాకర్లు చూపించాను. "ఒకటో వాల్వు చూడాలంటే ఎనిమిదోది పూర్తిగా తెరుచుకోవాలి, రెండూ కలిపితే తొమ్మిది రావాలిరా" అన్నాడు. మాన్యువల్‌లో ఉన్న పట్టిక అచ్చంగా అదే, గ్యాప్ 0.015 అంగుళాలు.

ఇక సొంతంగా రిపేరు చేసుకునేవాళ్ల కోసం వేసే హేన్స్ పుస్తకం సంగతి. నిజంగా ఒక కారును విప్పి, బిగిస్తూ రాయడం వాళ్ల పద్ధతి కాబట్టి ఏ బోల్టు చేతికి అందదో చెప్తుంది. మొదటిసారి పని చేసేవాళ్లకు ఇది కావాలి. కొలతల దగ్గర మాత్రం నేను ఫ్యాక్టరీ పుస్తకమే చూస్తాను.

వీటన్నిటికన్నా తక్కువగా మాట్లాడుకునేది, నా ఓటు గట్టిగా పడేది ఫ్యాక్టరీ పార్ట్స్ కేటలాగ్‌కు. ప్రతి భాగాన్నీ విడదీసి గీసిన బొమ్మలుంటాయి. ఏ వాషరు ఏ వైపు వస్తుందో వర్క్‌షాప్ మాన్యువల్ చెప్పని చోట ఇది చూపిస్తుంది. పాత అసలు ప్రతి కావాలంటే సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని బ్యూలీలో జరిగే ఆటోజంబుల్‌లో, అంటే పాత కార్ల సామాను సంతలో వెతకండి. గ్రీజు వేలిముద్రలున్నా పర్లేదు గానీ పేజీలన్నీ ఉన్నాయో లేదో అక్కడే తిప్పి చూసుకోండి.

అమెరికాలో ఉన్నవాళ్లకు బెంట్లీ పబ్లిషర్స్ పుస్తకాలు తేలిగ్గా దొరుకుతాయి. అవి 1962–74కు ఒకటి, 1975–80కు ఒకటి. 1975 నుంచి అక్కడికి వెళ్లిన కార్లకు జంట ఎస్‌యూలు లేవు, ఒకటే స్ట్రాంబర్గ్ కార్బ్యురేటర్, దాని చుట్టూ ఎమిషన్ గొట్టాలు. మీది అలాంటిదైతే రెండో పుస్తకమే తీసుకోండి.