మా మిరియానికి చిక్కం: రెండు వేసవులు గడిచాక

కుక్క కరవకుండా మూతికి తొడిగే ఈ చిక్కానికి ముందువైపు వేలు పట్టేంత సందు ఒకటి ఉంది. నేను రాయబోయేదంతా ఇంచుమించు దాని గురించే. రంగులు, సైజులు, ఏ ప్లాస్టిక్కుతో చేశారన్న సంగతులు పెట్టె మీదే ఉంటాయి.

మిరియం మా నాటుకుక్క. ఆరేళ్ల ఆడది, 19 కిలోలు. మనుషులతో దానికి ఏ పేచీ లేదు, గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి వస్తే తోక ఊపుతూ ఎదురెళ్తుంది. ఇంకో కుక్క కంటబడితే మాత్రం పూనకమే. రెండేళ్ల కిందట, శివరాత్రికి ముందు, మా విజయవాడలోని ఏలూరు కాలువ గట్టున ఒక వీధికుక్క మీదికి లంఘించింది. నేను తాడు పట్టి వెనక్కి లాగేసరికి గిర్రున తిరిగి నా పిక్క పట్టుకుంది. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, అచ్చం అదే. అందాల్సింది అందకపోతే పక్కనున్నదానికి పడుతుంది. దానికి ఏటా టీకా వేయిస్తున్నానని చెప్పినా డాక్టరు ఒప్పుకోలేదు. 0, 3, 7, 14, 28 రోజుల లెక్కన ఐదు సూదులూ వేయించుకున్నాను.

అంతకు ముందు ఒక శిక్షకుడి మాట విని మెడకు బిగుసుకునే గొలుసు వేశాం. గుర్రుమన్నప్పుడల్లా గట్టిగా ఒక గుంజు గుంజమన్నాడు. మూడు వారాల్లో గుర్రుమనడం మానేసింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. అది మానింది గుర్రుమనడమే తప్ప కరవడం కాదని, గుర్రుమనడం అది మనకిచ్చే నోటీసు అని, నా పిక్కకు తెలిశాక గానీ నాకు తెలియలేదు. ఆ గొలుసు ఇప్పుడు మేడ మీద తులసి కుండీ పక్కన తుప్పు పడుతోంది.

తర్వాత కొన్నది గుడ్డతో కుట్టిన మూతిపట్టీ. అది నోటిని బిగించేస్తుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూనే ఒంట్లో వేడి తగ్గించుకోవాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే విజయవాడలో నోరు కట్టేసి కుక్కను నడిపించడం కరిపించుకోవడం కన్నా పెద్ద తప్పు. పశువైద్యుడి బల్ల మీద రెండు నిమిషాలకైతే సరే.

ఇక ఈ బుట్టలాంటి చిక్కం. లోపల నోరు పూర్తిగా తెరుచుకుంటుంది, నీళ్లు తాగుతుంది, ఆవులిస్తుంది కూడా. కానీ నన్ను గెలిచింది ఆ సందు. మేం చేసే శిక్షణంతా తిండితోనే. ఎదుటి కుక్క కనిపించాలి, మిరియం దాన్ని చూడాలి, కానీ ఇంకా రెచ్చిపోకూడదు. అంత దూరంలో నిలబడి, అది చూసిన క్షణాన నోట్లో ముక్క పెట్టాలి. ఎదుటి కుక్క మలుపు తిరిగి మాయమైందా, ముక్కలూ మాయం. వరస తప్పకూడదు: ముందు కుక్క, తర్వాత ముక్క. మొదట్లో నేను ముక్క చూపించి దారి మళ్లించబోయాను. సంచిలో చెయ్యి పెడితే చాలు, ఎక్కడో కుక్క వస్తోందని చెవులు రిక్కించడం మొదలుపెట్టింది. ఈ పనికి నోరు కట్టేసే పట్టీ ఎందుకూ కొరగాదు. ఈ సందు ఉంది కాబట్టి సాగింది.

ముక్క అంటే ఉడికించిన కోడి కార్జం. చతురస్రంగా కోస్తే సందులో ఇరుక్కుంటుంది. చిక్కుడుకాయలా నిలువుగా, సన్నగా కోయాలి. ఆదివారం కోసి స్టీలు డబ్బాలో పెడితే బుధవారం దాకా వస్తుంది. కార్తీకంలో మా అమ్మ ఇంట్లో నీచు వండనివ్వదు, ఆ నెలంతా పనీర్‌తో నెట్టుకొస్తాం. పనీర్ మీద మిరియానికి భక్తి సగమే.

చిక్కం అలవాటు చేయడానికే మూడు వారాలు పట్టింది. లోపల పెరుగన్నం పూసి చేత్తో పట్టుకుంటే తనే మూతి దూర్చి నాకేది. పదో రోజు దాకా పట్టీ జోలికే పోలేదు. ఇప్పుడు మేకు మీంచి తీస్తే చాలు, పరుగున వచ్చి మూతి పెట్టేస్తుంది.

మా కొలబద్ద టీ బడ్డీ దగ్గరి గోధుమరంగు కుక్క. దాని ఒక చెవి కొన కత్తిరించి ఉంటుంది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందనడానికి గుర్తు. 2023 నాటి నిబంధనల ప్రకారం అలాంటి కుక్కలను ఆపరేషన్, టీకా అయ్యాక పట్టిన చోటే వదలాలి. ఆ సంగతి మీద వీధిలో రోజూ వాదనలే. నాకు మాత్రం, రోజూ ఒకేచోట పడుకునే కుక్క దొరకడం వరమైంది. మార్చిలో దాన్ని 60 అంగల దూరం నుంచి చూస్తేనే మిరియం మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. దసరా నాటికి 15 అంగల దూరంలో నిలబడి, ఒకసారి దాన్ని చూసి, వెంటనే నా జేబు వైపు తిరిగేది. అప్పట్లో ఈ వస్తువు గురించి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను, కళ్లు మూసుకుని కొనండి అని.

ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

వానాకాలంలో పట్టీ రాసుకుని ముక్కు దూలం మీద వెంట్రుకలు ఊడి, చర్మం ఎర్రబడింది. జాలిపడి మెడ వెనక పట్టీని ఒక బెజ్జం వదులు చేశాను. కార్తీకంలో ఒక తెల్లవారుజామున, పనీర్ సంచితో గట్టు మీదికి వెళ్లాం. పొగమంచులోంచి ఒక లాబ్రడార్, మెడలో పట్టీ ఉంది, తాడు లేదు, ఆనందంగా పరుగెత్తుకుని వచ్చేస్తోంది. వెనక ఎక్కడో ఆవిడ గొంతు: "మా వాడు ఏమీ చెయ్యడండీ!" "మాది చేస్తుందండీ!" అని అరిచాను. మిరియం తల వంచి, ముందుకాలి బొటనగోరు పట్టీలో దూర్చి ఒక్క లాగు లాగింది. చిక్కం గడ్డిలో పడింది. నేను దాని వైపు చూసి తలెత్తేలోగా లాబ్రడార్ చెవి చీలింది. నాలుగు కుట్లు. ఖర్చు నేనే ఇచ్చాను. ఆవిడ మూడు నెలలు నాతో మాట్లాడలేదు. మాది మళ్లీ 60 అంగలకు వెళ్లిపోయింది.

పట్టీ వదులు చేసింది నేనే, ఒప్పుకుంటాను. కానీ సాయంత్రం చిక్కం పట్టుకుని చెప్పులు కుట్టే తాత దగ్గరికి వెళ్తే, అటూ ఇటూ తిప్పి చూసి "దూడకా అమ్మా?" అన్నాడు. కుక్కకన్నాను. "ఏదైతేనేం, నుదుటి మీంచి ఇంకో తోలు వారు లేకపోతే ఊడబీక్కుంటుంది కదమ్మా" అని, తోలు ముక్క కోసి, కళ్ల మధ్యగా మెడపట్టీ దాకా కుట్టిచ్చాడు. ముక్కు దూలం కింద పాత కంబళి ముక్క కూడా అతికాడు. 80 రూపాయలు. నేను 1,600 పోసి కొన్న వస్తువు తయారీదారుకు ఆ వారు తట్టలేదు. నా కోపం ఇంకా చల్లారలేదు. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఊడలేదు.

ఇంకో సంగతి ఆలస్యంగా అర్థమైంది. చిక్కం వేశాక నా చెయ్యి తాడును బిగించడం మానింది, తాడు వదులైతే మిరియం ఒళ్లూ వదులయ్యేది. మొదటి ఆర్నెల్ల మంచిలో సగం వాటా దానిదే అనుకుంటాను. కానీ అదే ధైర్యంతో వెళ్లకూడనంత దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. 15 అంగలు నిలకడగా కుదరకముందే పదికి, ఎనిమిదికి. కరవలేదు కదా అని. కరవకపోయినా లోపల ఉడికిపోయేది, బుట్టతోనే నా మోకాలిని గుద్దేది. లాబ్రడార్ రాకపోయినా ఏదో ఒకటి జరిగేదే.

మళ్లీ 20 అంగలకు రావడానికి ఏడాది పట్టింది. చిక్కం లేకుండా ఇంకా బయటికి తీసుకెళ్లలేదు, తీసుకెళ్తానన్న నమ్మకమూ లేదు. వీధికుక్కల గుంపు ఎదురైతే మూతికి చిక్కం ఉన్న కుక్క తనను కాపాడుకోలేదు, అందుకని గుంపులుండే సందులు మానేసి చుట్టు తిరిగి వెళ్తాం. నాకు ఉద్యోగం పదింటికి, ఇంట్లో ఉన్నది ఒక్క కుక్కే, తెల్లవారుజామున గంటసేపు తీరిక. ఇవేవీ లేనివాళ్లకు ఇది గోడకు వేలాడే వస్తువే అవుతుందేమో. పగ్ లాంటి చప్పిడి మూతి కుక్కకు ఈ ఆకారం పట్టదు కూడా.

రాజమండ్రిలో మా చెల్లి తన మగకుక్క కోసం ఒకటి తెప్పించమంది. అది రొప్పుతూ నోరు తెరిచి ఉన్నప్పుడు మూతి చుట్టుకొలత తీసి పంపమన్నాను. నిద్రపోతున్నప్పుడు కొలిచి పంపింది. మళ్లీ కొలవమన్నాను.