మాట్లాడితే తెలుగులో టైపు చేసే సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? జాగ్రత్త

కావలిలో తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా ఊరి చెరువు కింది సాగు గురించి నాన్నగారు చెప్పిన సంగతులన్నీ రాసిపెట్టాలనుకుని, వేళ్ల నొప్పులతో టైపు చేయలేక, నెల్లూరులోని ఒక దుకాణంలో మైకుతో సహా 6,500 రూపాయలకు డిక్టేషన్ సాఫ్ట్‌వేర్ కొన్నాను. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుందని నమ్మబలికారు.

దుకాణంలో చదివి చూపించినవన్నీ పత్రికల్లో కనిపించే వాక్యాలే. ఒక్క తప్పూ లేకుండా అక్షరాలు తెరమీద పడుతుంటే ముచ్చటపడి, నా నోటితో ఒక్క మాటయినా పలికి చూడకుండానే డబ్బు కట్టాను. ఇంటికి వచ్చి “మొలగొలుకులు వరి నాటిన మడి” అంటే “మూల కొలుకులు వారి నాటిన మాది” అని పడింది. వరి వారి అయినా, గట్టు గుట్టు అయినా అర్థమే మారిపోతుంది కనుక, ప్రతి వాక్యాన్నీ మళ్లీ ఆ నొప్పి వేళ్లతోనే దిద్దుకోవలసి వచ్చింది. ఫ్యాను ఆపి, మైకు దగ్గరగా పెట్టుకుని నిదానంగా పలికితే తప్పులు కొంత తగ్గాయి గానీ, నెల్లూరు సీమకు అంత పేరు తెచ్చిన ఆ వరి పేరు మాత్రం ఒక్కసారీ సరిగా పడలేదు.

తప్పులనైతే ఓర్చుకునేవాణ్ణి. ఒక సాయంత్రం నెట్ పోగానే సాఫ్ట్‌వేర్ కూడా ఆగిపోయింది. కంప్యూటర్ తెలిసిన మా తమ్ముడి కొడుకు పరిశీలించి, అది గూగుల్ వారి క్రోమ్ బ్రౌజర్‌కు తొడిగిన ముసుగు మాత్రమేనని, మాటలను అక్షరాలుగా మార్చేది నెట్‌లోని గూగుల్ సేవేనని తేల్చాడు. గూగుల్ 2017లోనే తన మాటల గుర్తింపు సేవలో తెలుగును చేర్చింది. గూగుల్ డాక్స్‌లో టూల్స్ కింద వాయిస్ టైపింగ్ తెరిచి తెలుగు ఎంచుకుంటే పైసా ఖర్చు లేదు. ఒకే పేరాను రెండింటిలోనూ చదివితే, తప్పులు సైతం పొల్లుపోకుండా అవే వచ్చాయి. డబ్బు వాపసు అడిగితే, ఒకసారి తెరిచినదాన్ని వెనక్కి తీసుకునేది లేదన్నారు. నా చేతిలో ఉన్నది జీఎస్‌టీ నంబరు లేని తెల్లచీటీ.

కనుక కొనేముందు దుకాణంలోనే నెట్ వైరు తీయించి, మీ ఇంటి మాటలతో కనీసం పది నిమిషాలు మీరే చెప్పి చూడండి. అచ్చుకు ఇవ్వదలచినవారు, అది ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోనులోనైనా తెరుచుకునే యూనికోడ్‌లో ఇస్తుందో, ప్రెస్సువారు వాడే ‘అను’ అనే ఫాంటులో ఇస్తుందో ముందే అడగండి. బిల్లు లేకుండా డబ్బు కట్టకండి. మోసపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫిర్యాదు రుసుము లేదు.

నేను ఇప్పుడు గూగుల్ డాక్స్‌లోనే చెప్పి రాయించుకుంటున్నాను. మొలగొలుకులు అన్న చోట మాత్రం ఆగి, చేత్తో టైపు చేస్తున్నాను.