డిజిటల్ సాక్ష్యం: ఉపన్యాసం వినాలా, ల్యాప్‌టాప్ తెరవాలా?

కడపలో మా జూనియర్ వకీళ్లకు డిజిటల్ సాక్ష్యం ఎట్లా నేర్పాలన్న మాట వచ్చినప్పుడు మూడు దారులు కనబడ్డాయి. ఆదివారం హాల్లో ఒక పెద్దాయన ఉపన్యాసం, ఇంట్లో కూర్చుని చేసే ఆన్‌లైన్ కోర్సు, లేదా నలుగురైదుగురు ల్యాప్‌టాప్ చుట్టూ చేరి స్వయంగా చేసి చూడటం.

ఉపన్యాసానికి ఖర్చు తక్కువ, వందమంది వినొచ్చు. ఫోన్, కంప్యూటర్ లాంటివాటిలోని సాక్ష్యంతో పాటు కోర్టుకివ్వాల్సిన 65బి సర్టిఫికెట్ (65బి అంటే పాత సాక్ష్య చట్టంలోని సెక్షన్) గురించి 2014లో అన్వర్ కేసులో, 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు ఏమన్నదో, 2024 జూలై 1 నుంచి కొత్త చట్టమైన భారతీయ సాక్ష్య అధినియంలో అది 63వ సెక్షన్ ఎట్లా అయిందో గంటలో తేలిపోతుంది. కాకపోతే భోజనాలయ్యాక వెనక వరుసలో సగంమంది కునుకు తీస్తుంటారు. ఆన్‌లైన్ కోర్సు పట్టుదల ఉన్నవాళ్లకే. మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

నా ఓటు మూడోదానికే. ఫోన్‌లోని ఒక ఫొటోను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసి దాని హ్యాష్, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్, తీయండి. షా-256 అనే పద్ధతిలో అయితే 64 అక్షరాలూ అంకెలూ వస్తాయి. అదే ఫొటోను మామూలుగా వాట్సాప్‌లో పంపించుకుని, దించి మళ్లీ తీయండి. చూడ్డానికి ఫొటో అదే, హ్యాష్ మాత్రం వేరే! వాట్సాప్ ఫొటోను కుదించేస్తుంది మరి. కొత్త సర్టిఫికెట్‌లో ఈ హ్యాష్ రాయాలి. పార్ట్ ఎ సాక్ష్యం ఇచ్చే పార్టీది, పార్ట్ బి నిపుణుడిది. ఇదంతా కళ్లారా చూసిన జూనియర్ ఇక జన్మలో క్లయింటుతో "ఆ వీడియో నాకు వాట్సాప్ చెయ్యన్నా" అనడు.

నేను అన్నాను. ఒక స్థలం తగాదాలో కాల్ రికార్డింగ్ అట్లాగే తెప్పించుకున్నా. ఈలోగా క్లయింటు పాత ఫోన్ అమ్మేశాడు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు "అసలు ఫోన్ ఏదయ్యా?" అని అడిగితే మావాడు నా మొహం చూశాడు.

ఈ పద్ధతికీ ఇబ్బందులున్నాయి. ఒక విడతకు ఐదుగురికి మించితే స్క్రీన్ కనబడదు, చేసి చూపించేవాళ్లు దొరకడమూ కష్టమే. అందుకే ముందు రెండు శనివారాలు ప్రాక్టీస్ పెట్టి, తర్వాత ఉపన్యాసం పెడితే మేలు. అప్పటికి అడగడానికి వాళ్ల దగ్గర ప్రశ్నలుంటాయి.

మొదటి శనివారం మాత్రం హ్యాష్ కంటే ముందు ఉత్తరం రాయడం నేర్పాలి. ఏడు రోడ్ల దగ్గర ఏ అంగడి సీసీ కెమెరాలోనో మన కేసు సంగతి పడిందనుకోండి, ఆ రికార్డింగ్ చెరిగిపోకుండా తీసిపెట్టమని అంగడాయనకు అదే రోజు రాసివ్వాలి. కెమెరా రికార్డింగులు దాచే డీవీఆర్ పెట్టె నిండితే పాతదాని మీదే కొత్తది ఎక్కించుకుంటూ పోతుంది, మన వాయిదా దాకా ఆగదు.