పర్లాకిమిడి పిల్లలతో లువాంటి: చాలాకాలం వాడాక నా మాట

ఇదివరకు మైన్‌టెస్ట్ అనేవారు, 2024 అక్టోబరులో లువాంటి అని పేరు మార్చారు. బ్లాకులు పేర్చి ఊళ్లూ కొండలూ కట్టుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. సాయంత్రాలు మా ఇంటికి చదువుకోవడానికి వచ్చే హైస్కూల్ పిల్లలకు దీంతోనే గుంపు పనులు ఇస్తున్నాను. వాళ్లలో తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, సవర పిల్లలు ఉన్నారు. ముగ్గుర్నీ ఒకే పనిలో ఇంత ఇష్టంగా కూర్చోబెట్టిన సాధనం నాకు ఇంకోటి దొరకలేదు.

మా ఊళ్లో నెట్‌ని నమ్ముకుని పాఠం పెట్టుకోలేం. దీనికి ఆ టెన్షన్ లేదు. మొదట దించుకునేటప్పుడే నెట్ కావాలి. తర్వాత నా లాప్‌టాప్‌లో సర్వర్ తెరిస్తే, పిల్లలు వైఫై రూటర్‌కి ఫోన్లూ పాత కంప్యూటర్లూ కలుపుకుని, ఐపీ నంబరు, 30000 పోర్టు కొట్టి లోపలికి వస్తారు. మోడ్‌లు (కొత్త బ్లాకులూ హంగులూ చేర్చే అదనపు ప్రోగ్రాములు) సర్వర్లో ఉంటే చాలు, ఒక్కో ఫోన్లో ఎక్కించక్కర్లేదు. కరెంటు పోయినా కట్టింది పోదు, కొన్ని సెకన్లకోసారి దానంతటదే సేవ్ అవుతుంది. ఇలాంటిదే అయిన మైన్‌క్రాఫ్ట్ ఎడ్యుకేషన్‌లో తయారు పాఠాలు చాలా బాగుంటాయి, కానీ దానికి ఖాతాలు, లైసెన్సులు కావాలి. బ్రౌజర్‌లో త్రీడీ గదుల్లో కలుసుకునే మొజిల్లా హబ్స్ 2024 మే 31న మూతపడింది. లువాంటిలో మేం కట్టుకున్న లోకం మాత్రం ఒక ఫోల్డర్. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే మాదే.

అన్నిటికన్నా బాగా పండిన పని మా ఊరి మీదుగా వెళ్లే నౌపడ–గుణుపూర్ రైలు మార్గం కట్టడం. లువాంటిలో ఒక బ్లాకు ఒక మీటరు. మార్గం సుమారు 90 కిలోమీటర్లు, అంటే 90 వేల బ్లాకులు. ఎవరు వేస్తారు? వంద మీటర్లకు ఒక బ్లాకు అనుకుంటే 900 అయింది. హమ్మయ్య అనుకునేలోపు స్టేషన్లు మాయమైపోయాయి, పర్లాకిమిడి స్టేషన్ ఒక్క బ్లాకులో ఇరుక్కుపోయింది. 1501 మీటర్ల మహేంద్రగిరి పదిహేను బ్లాకుల దిబ్బ అయింది. సవర పిల్లలు అస్సలు ఒప్పుకోలేదు. "అది మా కొండ మాస్టారూ, ఇంతేనా?" అన్నారు. చాలాసేపు వాదించుకుని, పొడవుకి ఒక కొలత, ఎత్తుకి ఇంకో కొలత పెట్టుకున్నారు. నేను బోర్డు మీద గీసి చెబితే ఇంత లోతుగా ఎక్కేది కాదు. పాత నేరోగేజ్ పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు, ఒక బ్లాకు కూడా లేదు! దాని గురించి తాతల్ని అడిగి రమ్మంటే, ఆ రైలు కబుర్లు తెచ్చి మిగతావాళ్లకు ఒడియాలో, తెలుగులో చెప్పుకున్నారు.

ఇదంతా పనిని సరిగ్గా పంచితేనే. ఊరికే వదిలేస్తే ఫోన్ ఆటలు అలవాటున్న అబ్బాయిలే మొత్తం కట్టేస్తారు, అమ్మాయిలు చూస్తూ కూర్చుంటారు. ఇందులో ‘ఇంటరాక్ట్’ అనే అనుమతి ఉంది. అది తీసేస్తే లోకంలో తిరగొచ్చు, చూడొచ్చు, కట్టడం కుదరదు. అట్లాస్ చేతిలో ఉన్న జట్టుకి ఆ అనుమతి తీసేశాను, కట్టే జట్టుకి అట్లాస్ ఇవ్వలేదు. ఇక మాట్లాడుకోక తప్పదు. మహేంద్రతనయ నదికి ఏ ఒడ్డున పాతపట్నం పెట్టాలో చెప్పింది ఎనిమిదో తరగతి అమ్మాయి. పెద్ద అబ్బాయిలు ఆమె మాట ప్రకారం ఊరు మొత్తం పీకి మళ్లీ కట్టారు.

లోపాలూ ఉన్నాయి. తెలుగు, ఒడియా అక్షరాలకు ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూడవు. స్టేషన్ బోర్డులు ఇంగ్లీషులోనే రాసుకోవాల్సి వచ్చింది. ఇది నాకు నిజంగా బాధ. టచ్ ఫోన్లో బ్లాకు గురిచూసి పెట్టడం కష్టం, మౌస్ ఉన్నవాళ్లు ముందుకెళ్లిపోతారు. అందుకే ఫోన్ పిల్లలకు కట్టే పని తగ్గించి, కొలతలూ దారి చూపించడం అప్పజెబుతాను. వెర్షన్లు వేర్వేరైతే కొందరు లోపలికి రాలేరు, ముందురోజే సరిచూసుకోవాలి.

మీకు ఇన్వర్టర్ లేకపోతే రూటర్‌కి చిన్న బ్యాటరీ బ్యాకప్ కొనండి. లాప్‌టాప్ ఆగకపోయినా రూటర్ ఆగితే అందరూ బయటికి వచ్చేస్తారు.