మందు అందించే చేతికి ఎన్నేళ్లుండాలి? 16, 18, 21లలో ఏది మేలు?

మా అన్నయ్య కూతురు అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని డాలస్ దగ్గర ఒక తెలుగువాళ్ల రెస్టారెంట్లో సర్వర్‌గా చేరేనాటికి దానికి పద్దెనిమిది నిండి నెల కూడా కాలేదు. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల, కాలేజీ ఖర్చులకని చేరింది. మా వదిన కంగారుగా ఫోన్ చేసింది. "తాగడానికి 21 ఉండాలి కదా, మరి ఇది బీరు గ్లాసులు ఎలా మోస్తుంది?"

తాగే వయసు వేరు, అందించే వయసు వేరు. 1984లో వచ్చిన కేంద్ర చట్టం 21 నిండనివాళ్లు మందు కొనడాన్ని, నలుగురిలో దగ్గర పెట్టుకోవడాన్ని ఆపని రాష్ట్రాలకు హైవే నిధుల్లో కోత పెడతానంది. పనిలో భాగంగా గ్లాసు మోసేవాళ్ల జోలికి పోలేదు. అందుకే ఆ విషయంలో ఏ రాష్ట్రం దారి దానిదే. టెక్సస్, న్యూజెర్సీల్లో 18 నిండితే బల్ల దగ్గరా పెట్టొచ్చు, బార్‌లోనూ కలపొచ్చు. యూటాలో వడ్డించడానికే 21 కావాలి. కాలిఫోర్నియా ఆ రెండు పనుల్నీ విడదీసింది. అయోవా 2023లో 16కి దిగింది.

(చదువు వీసా మీద వెళ్లినవాళ్లు దీన్ని తమకు అన్వయించుకోవద్దు. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు వయసు ఎంతున్నా విడిగా అనుమతి లేకుండా క్యాంపస్ బయట ఇలాంటి పని చేయకూడదు.)

21 అనడం చూడ్డానికి భద్రంగా ఉంటుంది. తాగే వయసు రానివాళ్ల చేతికి సీసా ఇవ్వకపోతే తోటి పిల్లలకి దొంగచాటుగా అందుతుందన్న భయం ఉండదు. కానీ నష్టపోయేది పని అవసరమున్న పిల్లలే. టెక్సస్‌లో టిప్పులు సరిపడా వచ్చే సర్వర్‌కి యజమాని గంటకి 2.13 డాలర్లు చేతికిస్తే చాలు, మిగతాదంతా టిప్పుల మీదే. బిల్లు పెద్దదయ్యేది మందుతోనే కాబట్టి, అది ముట్టకూడదంటే మంచి బల్లలు దక్కవు. వయసు పెంచుకుంటూ పోతే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. ఢిల్లీలో అమలైన 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టం మద్యం తాగే చోట 25 నిండని మగవాళ్లనీ, ఏ వయసు ఆడవాళ్లనైనా సరే పనిలో పెట్టుకోకూడదంది. హోటల్ మేనేజ్‌మెంట్ చదివినవాళ్లు 22, 23 ఏళ్లకే ఉద్యోగాల్లోకి వస్తుంటే ఇదేం న్యాయమని 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఆంక్షను తప్పుపట్టింది. ఆడవాళ్ల మీద నిషేధమూ నిలవలేదు.

ఇక 18. ఇందులో కష్టమేమిటో మా మేనకోడలు చెబితేనే అర్థమైంది. ఒక శుక్రవారం రాత్రి పదిమంది కూర్చున్న బల్ల, అందరూ మనవాళ్లే. ఒకాయన పక్కనున్న కుర్రాణ్ణి చూపించి "వీడికీ ఒక బీరు పెట్టమ్మా, మా అన్న కొడుకే, నేనున్నాగా" అన్నాడు. అది కార్డు అడిగింది. కుర్రాడు తీసిచ్చింది నిలువు డ్రైవింగ్ లైసెన్సు. టెక్సస్‌లో 21 నిండనివాళ్లకి కార్డు అలా నిలువుగా అచ్చువేసి ఇస్తారు. మా పిల్ల పర్సులో ఉన్నదీ అలాంటిదే.

అక్కడి చట్టంలో తల్లో తండ్రో కళ్లెదుట ఉంటే పిల్లలు తాగడం నేరం కాదు. బాబాయికి ఆ వెసులుబాటు లేదు. ఇది తెలిసుండాలి, తెలిసినా పెద్దాయన ముఖం మీద కాదనగలగాలి. "కుదరదు అంకుల్" అని మేనేజర్ని పిలిచింది. మొహమాటపడి పెట్టి ఉంటే కేసు దాని పేరు మీదే పడేది: ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా. "చేతులు వణికాయి అత్తా" అంది.

ఆ మాట విన్నాక అయోవా పద్ధతి నాకు అసలు మింగుడుపడలేదు. అక్కడ తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకుంటే 16, 17 ఏళ్లవాళ్లూ రెస్టారెంట్లో మందు అందించవచ్చు. వంటగది నడుస్తుండాలి, ఇద్దరు పెద్దవాళ్లు దగ్గరుండాలి, లైంగిక వేధింపుల నివారణపై శిక్షణ ఇవ్వాలి. ఆ చివరి షరతు చూడండి. పిల్లలకి ఏం ఎదురవుతుందో చట్టం రాసినవాళ్లకే తెలుసు. తెలిసీ ఇంటర్ మొదటి ఏడాది వయసు పిల్లల్ని అక్కడ నిలబెట్టారు. పనివాళ్లు దొరకడం లేదన్న యజమానుల ఇబ్బంది నిజమే, కానీ దాన్ని పిల్లల మీద తోయడం తప్పు.

నన్నడిగితే కాలిఫోర్నియా దారి మేలు. భోజనాల బల్లల దగ్గర 18 నిండినవాళ్లు అన్నంతో పాటు గ్లాసూ పెట్టొచ్చు, బార్ వెనక నిలబడాలంటే 21 ఉండాలి. తాగినవాణ్ణి ఇక చాలని ఆపే బరువు ఎక్కువగా పడేది బార్ దగ్గరే. పైగా 2022 జూలై నుంచి అక్కడ మందు అందించేవాళ్లందరికీ శిక్షణ తప్పనిసరి. చేరిన 60 రోజుల్లో పరీక్ష పాసవ్వాలి, ఆ సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. టెక్సస్‌లోనూ రెండేళ్లు చెల్లే శిక్షణ ఉంది గానీ రాష్ట్రం బలవంతపెట్టదు. సిబ్బందికి అది ఉంటే యజమాని లైసెన్సుకి రక్షణ కాబట్టి చాలామంది చేయిస్తారు. చేయించని చోట 18 ఏళ్ల పిల్ల ఒంటరిది. చిన్న హోటల్ నడిపేవాళ్లకి బార్ కోసం విడిగా ఒక మనిషిని పెట్టుకోవడం భారమే. అయినా ఆ భారం మోయాల్సింది లైసెన్సు తీసుకున్నవాళ్లే.

మా మేనకోడలు ఆ శిక్షణ తీసుకుంది. డ్యూటీకి వెళ్లేముందు రోజూ ఏప్రాన్ జేబులో ఒక చీటీ పెట్టుకుంటుంది. ఆ రోజుకి 21 నిండాలంటే ఏ తేదీలోపు పుట్టి ఉండాలో దానిమీద రాసి ఉంటుంది. మర్నాడు అది చించేసి కొత్తది రాసుకుంటుంది.