కలుపు చూసి నేలను అంచనా వేయాలా, మట్టి పరీక్ష చేయించాలా?

ఖర్చు: కలుపు చూడటానికి ఏమీ కాదు. పరీక్షకు ఫీజు ఉండొచ్చు.

శ్రమ: ఒకదానికి తోటలో ఓ చుట్టు తిరిగితే చాలు. రెండోదానికి 8-10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు (పండ్ల మొక్కలకైతే ఇంకా లోతు నుంచి కూడా) మట్టి తీసి, కలిపి, నీడన ఆరబెట్టి అరకిలో పంపాలి.

నమ్మకం: తుంగ గుంపుగా లేస్తే అక్కడ తేమ నిలుస్తోందేమో చూడాలి. పల్లేరు పాకితే పొడి, ఇసుక నేల కావచ్చు. అడవి తోటకూర ఏపుగా ఉంటే నత్రజనికి లోటు లేనట్టే. అయితే తుంగ మొండిఘటం, పొడి నేలనూ వదలదు. లాగితే ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉంటుంది! ఒక్క మొక్కను చూసి తేల్చేయొద్దు. ఉదజని సూచిక (pH, అంటే నేల ఆమ్లమా క్షారమా అనేది), భాస్వరం లెక్క పరీక్షే చెప్పాలి.

నాలుగు ఆకుకూర మళ్లకైతే కలుపు చెప్పేది చాలు. ఏళ్ల తరబడి ఉండే పండ్ల మొక్కలు నాటబోతుంటే పరీక్షే నయం.